తిప్పమ్మ తోమని రాయి

ఏ రాజు ఏలిన కాలమో మనకు తెలియదు. ఏ యేడో ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. పెద్దలు చెప్తే విన్నాం, విన్నది చెప్తున్నాం. నచ్చితే ఊఁ కొట్టండి. నచ్చకపోయినా కొట్టండి, చెప్పేవాడికి ఊపు రావాలి కదా.

ఒక రాళ్ల నేల. ఆ రాళ్ల నేల మీద ఒక వాగు. ఆ వాగు మలుపులో ఒక మడుగు. ఆ మడుగు రేవులో ఊరందరి బట్టలూ ఉతికే ఒక మనిషి. ఆమె పేరు తిప్పమ్మ.

తిప్పమ్మకు మొగుడు లేడు, పోయాడు. పిల్లలు లేరు, పుట్టనే లేదు. ఆమెకు ఉన్నవి మూడే. ఒక పూరిపాక, ఒక ముసలి గాడిద, బట్టలు ఉడకేసే ఒక బాన. బాన అంటే ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. ఇద్దరు పిల్లలు కూర్చుని దాక్కోగలిగినంత మట్టికుండ అది.

తిప్పమ్మ చేతిలో పడ్డ బట్ట మీద మరక మిగిలేది కాదు. నూనె మరకా పోయేది, పసుపు మరకా పోయేది, అల్లనేరేడు మరకా పోయేది. ఎక్కడ మురికి కనపడినా ఆమె చేతులు దురద పెట్టేవి. ఊరికి కావలసింది కూడా ఆ చేతులే. పెళ్లిళ్లలో కొత్త జంట వరసపెట్టి పెద్దల కాళ్లకు మొక్కుతూ వచ్చి, తిప్పమ్మ నిలబడిన చోటికి వచ్చేసరికి పక్కకు తిరిగిపోయేది. వాళ్లు కట్టుకున్న ఆ తెల్లబట్టలు ఉతికింది ఆమే. అయినా అంతే. తిప్పమ్మ ఎవరినీ ఏమీ అనేది కాదు గాని, ఆ బాధ కడుపులో మాత్రం ఉండేది.

ఆమె కాళ్లు ముట్టుకునేది ఈ లోకంలో ఒక్కటే ఉంది. మడుగులో పరిగెలు. వేలెడంత చేపలు, తోక దగ్గర నల్ల చుక్క. పొద్దున్నే ఆమె రేవులో దిగి నిలబడగానే గుంపుగా వచ్చి, పగిలిన మడమల చుట్టూ చేరి, మెల్లగా ముద్దులు పెట్టినట్టు కొరికేవి.

"మొక్కింది చాలమ్మా, ఇంక పోండి, పనుంది" అనేది తిప్పమ్మ. అని, కాలు మాత్రం కదిపేది కాదు.

అలా ఉండగా కరువు వచ్చింది. ఒక యేడు వాన లేదు. రెండో యేడు వాన లేదు. మూడో యేడు మబ్బు కూడా లేదు. వాగు ఆగిపోయింది, ఇసుక తేలింది, మడుగు ఒక్కటే మిగిలింది. ఆ మడుగు కూడా తరిగి తరిగి చాపంత అయింది.

తిప్పమ్మకు గుండె జారిపోయింది. బట్టలుతకడానికి నీళ్లు లేవని కాదు. ఆ పరిగెలు ఈ మడుగులో తప్ప ఇంకెక్కడా లేవు. ఇవి చస్తే వీటి విత్తనమే పోతుంది. రేపు వానలొచ్చి మడుగు నిండినా అందులో దిగిన కాళ్లను ముట్టుకునేదే ఉండదు.

"నా బాన ఉంది కదా" అనుకుంది తిప్పమ్మ.

ఆమె బట్టలుతికే మనిషి కదండీ, ముందుగా ఏం చేస్తుంది? బానను బట్టలుతికే చవుడు మన్ను వేసి తోమింది. ఇసుక వేసి తోమింది. బూడిద వేసి తోమింది. అద్దంలా చేసి, బావి నుంచి తన వంతు మంచినీళ్లు తెచ్చి పోసి, గుప్పెడు చేపల్ని అందులో వదిలింది. తెల్లారి చూస్తే అన్నీ తెల్ల కడుపులు పైకి పెట్టి తేలుతున్నాయి. తిప్పమ్మ వాటిని ఒక్కొక్కటే తీసి పాక వెనక పాతిపెట్టి, అన్నం తినకుండా కూర్చుంది.

మడుగు చాటంత అయింది.

ఈసారి బాన నుంచి చవుడు వాసన పోయేదాకా కడిగింది. బావి నీళ్లు వద్దనుకుని మడుగు నీళ్లే తెచ్చింది. తెచ్చిన నీళ్లను ఊరికే పోస్తుందా? మెత్తటి గుడ్డ ఏడు మడతలు వేసి వడకట్టింది. అడుగున పరిచే ఇసుకను బియ్యం కడిగినట్టు కడిగింది. చేపలు బతికాయి. తిప్పమ్మ ముఖం వెలిగింది. కాని కొన్నాళ్లకు బాన లోపలి అంచున సన్నగా పాచి పట్టడం మొదలైంది. ఆమె చేతులు దురద పెట్టాయి. గీకేసింది. మళ్లీ పట్టింది, మళ్లీ గీకి నీళ్లన్నీ మార్చింది. ఎంత శుభ్రం చేస్తే చేపలు అంత నీరసించాయి. చివరికి అవి కూడా పోయాయి.

మడుగు పళ్లెమంత అయింది.

తిప్పమ్మ వెళ్లి ఆ పళ్లెమంత నీళ్లలో రెండు పాదాలు పెట్టి ఏడ్చింది. మిగిలిన కొద్దిపాటి పరిగెలు, ఆ బురదలో కూడా, వచ్చి ఆమె మడమలు ముట్టుకున్నాయి. ముట్టుకుని ఎక్కడికి పోతున్నాయో ఆమె అప్పుడు చూసింది. రుబ్బురోలి పొత్రమంత రాయి ఒకటి ఉంది, దాని నిండా వేలి మందాన పాచి. దాని పక్కన నాచు మొక్కలు, వాటి వేళ్లకు నల్లటి ఒండ్రు, ఒండ్రులో నత్తలు. చేపలు పోయి ఆ పాచిని కొరుక్కుని, ఆ నాచులో తల దాచుకుంటున్నాయి. ఇన్నేళ్లుగా తాను ఎక్కడ కనపడితే అక్కడ తోమి పారేసిందంతా వీటికి ఇల్లూ వాకిలీ అని తిప్పమ్మకు తెలిసింది.

లేచింది. బానను చూరు కింద, పొద్దుటి ఎండ మాత్రం పడే చోట సగం దాకా పాతింది. అడుగున మడుగు ఒండ్రు వేసింది. దాని మీద ఇసుక పరిచింది. పాచి రాయిని ఉన్నదున్నట్టే తెచ్చి నడుమ దింపింది. నాచును వేళ్లతో సహా గుచ్చింది. నత్తల్ని వదిలింది. మడుగు నీళ్లు కొన్ని, బావి నీళ్లు కొన్ని, ఒండ్రు లేవకుండా అరచేతి మీదుగా పోసింది. పోసి చూస్తే నీళ్లు కుడితిలా ఉన్నాయి. ఆమె చేతులు దురద పెట్టాయి. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని కూర్చుంది.

ఇక్కడే ఉంది అసలు కష్టం. రెండుసార్లు తొందరపడి చంపుకుంది. ఈసారి నాచు ఈ బానలో నాటుకుని కొత్త ఆకు వేసేదాకా చేపను వదలకూడదని ఒట్టు పెట్టుకుంది. మొక్క ఒప్పుకుంటేనే చేప ఒప్పుకుంటుందని ఆమె మనసుకు తట్టింది. కాని మడుగు పళ్లెమంతే ఉంది, పైన ఎండ కాస్తోంది. పగలంతా తిప్పమ్మ ఆ పళ్లెం మీద తన కొంగు పందిరిలా పట్టుకుని నిలబడింది. కొంగలొస్తే అదిలించింది. తాను తాగాల్సిన నీళ్లలో సగం తాగి సగం ఆ పళ్లెంలో పోసింది. పొద్దు వాలగానే పాకకు వచ్చి బానలోకి వంగి, ఎవరినో అడిగినట్టు అడిగేది.

"ఆకేసిందా?"

ఇంకా లేదు. మళ్లీ పొద్దున, "ఆకేసిందా?" ఇంకా లేదు. ఆమె పెదాలు పగిలాయి, కళ్లు లోపలికి పోయాయి. చూసినవాళ్లు తిప్పమ్మకు ఎండ తలకెక్కిందన్నారు. ఒక పొద్దున వంగి చూస్తే నీళ్లు తేరుకుని ఉన్నాయి. నాచు కొసన గోరంత లేత ఆకు, ఎండకు వెలుగుతూ ఉంది.

చేపల్ని ముంతలో తెచ్చింది. ముంతను బానలో తేలనిచ్చి, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వేడికి వచ్చేదాకా ఆగి, అప్పుడు మెల్లగా వంచింది. చేపలు పోయి నాచులో దూరాయి. తెల్లారి చూస్తే అన్నీ ఉన్నాయి. మర్నాడు చూసినా అన్నీ ఉన్నాయి.

ఆ తర్వాత ఆమె పని ఏమంటే, పని చేయకుండా ఉండటం. రోజూ అడుగు నుంచి ఒక చెంబు నీళ్లు తీసేది, తన వంతు నుంచి ఒక చెంబు పోసేది. ఆవగింజంత సంగటి వేసేది, అంతకు మించి వేసేది కాదు. ఎండిన ఆకును గిల్లేది. మిగతాదంతా వాటికే వదిలేసేది.

ఊరికి ఈ సంగతి తెలిసింది. మనుషులకే లేని నీళ్లు చేపలకా అన్నారు. కోపం వచ్చిందంటే వచ్చింది మరి, పిల్లలు దాహంతో ఏడుస్తుంటే ఎవరికి రాదు? నీరటి గంగప్పను పంపారు. నీరటి అంటే ఊరి నీళ్లు పంచే మనిషి. గంగప్ప చెడ్డవాడు కాదు గాని, నీళ్ల దగ్గర కన్నతల్లికైనా ఒక చెంబు ఎక్కువ పోసే రకం కాదు. ఖాళీ కడవతో వచ్చి, తోడుకుని పోతానన్నాడు. తిప్పమ్మ అడ్డం పడలేదు. పక్కకు జరిగి, ముందు ఒకసారి చూడన్నా అంది.

గంగప్ప వంగాడు.

మూడేళ్లుగా పచ్చ అన్నది చూడని కళ్లు అవి. నీళ్ల కింద చిన్న అడవి కనిపించింది. జడల్లాగా నాచు ఊగుతోంది. ఆకుల కొసల నుంచి పూసల్లాంటి బుడగలు ఒకటి వెంట ఒకటి పైకి వస్తున్నాయి. నత్త ఒకటి గోడ మీద తీరుబడిగా పోతోంది. పరిగెలు తోక చుక్కలు ఆడించుకుంటూ తిరుగుతున్నాయి. వాటి వెనకాల, కంటికి ఆనీ ఆనకుండా, అప్పుడే పుట్టిన పిల్లలు. ఎర్రగా ఎండిపోయిన ఆ దేశంలో బతుకంతా వచ్చి ఆ కుండలో తలదాచుకున్నట్టు ఉంది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టవచ్చు. గంగప్ప కడవ కింద పెట్టేశాడు.

"ఎవరు తేర్చినారు తిప్పమ్మా ఈ నీళ్లను?" అని మెల్లగా అడిగాడు.

"నేనైతే చెయ్యి పెట్టలేదన్నా. చెయ్యి పెట్టకుండా ఉండేదే నేర్చుకున్నా."

గంగప్ప ఖాళీ కడవతోనే తిరిగి వెళ్లాడు. ఏం చూశావని అడిగితే చెప్పడం చేతకాక, మీరే పోయి చూడండి అన్నాడు. ఒకళ్లు పోయారు, ఇద్దరు పోయారు, ఊరంతా పోయింది. ఎవరూ చెప్పకుండానే చెప్పులు దూరంగా విడిచారు. ఎవరూ చెప్పకుండానే గొంతు తగ్గించారు. ఏడ్చే పిల్లలు ఆ బుడగల్ని చూస్తూ ఏడుపు మరిచిపోయారు. పోయేముందు ఇంటికొక దోసెడు నీళ్లు తిప్పమ్మ చెంబులో పోసి పోయారు.

నాలుగో యేడు వాన పడింది. వాగు పొంగింది, మడుగు నిండింది. ఊరంతా గంతులేస్తూ వచ్చి, ఇంక వదిలెయ్ తిప్పమ్మా అన్నారు. తిప్పమ్మ అప్పటికి మంచం మీద ఉంది. సగం దాహంతో గడిపిన ఒళ్లు, వాన చూశాక కూడా కోలుకోలేదు. వద్దంది. అవి కొత్త నీళ్లు, బండలన్నీ వరద తోమేసిన బండలు, పోయి ముందు పాచి రాయిని రేవులో పెట్టండి, సగం నాచు నాటండి, బానలో ఒండ్రు ఇంత కలపండి, ఆకు వేసేదాకా ఆగండి అంది. తాను కూడా ఆగుతానంది.

ఇప్పుడు రోజూ పోయి చూసి వచ్చేది గంగప్ప. అతను గుమ్మంలో కనపడగానే తిప్పమ్మ కళ్లు తెరిచేది.

"ఆకేసిందా అన్నా?"

"ఇంకా లేదు తిప్పమ్మా."

ఆమె కళ్లు మూసుకుని ఊపిరి దాచుకునేది. అబద్ధం చెప్పి ఆమెను సంతోషపెట్టవచ్చు కదా అని గంగప్పకు అనిపించకపోలేదు. కాని నీళ్ల దగ్గర అబద్ధమాడని మనిషి. మర్నాడూ లేదన్నాడు. ఆ మర్నాడూ లేదన్నాడు. ప్రాణం అంచుదాకా వచ్చినా తిప్పమ్మ పోలేదు, ఆగింది.

ఒక పొద్దున గంగప్ప పరుగెత్తుతూ వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆకేసిందా అన్నా?"

"ఏసింది తల్లీ."

ఆమెను మంచంతోనే రేవుకు మోసుకుపోయారు. బానలోని పరిగెల్ని ముంతలతో తెచ్చి, ముంతలు మడుగులో తేలనిచ్చి, ఆమె సరేనన్నాక వంచారు. అవి మెరుస్తూ నీళ్లలోకి పోయాయి. తిప్పమ్మ పాదాలు తీసి రేవులో ఉంచమంది. ఉంచారు. ఊరంతా చూస్తోంది. మడుగు అంత పెద్దది, ఎటైనా పోవచ్చు. అవి తిరిగి వచ్చాయి. పెద్దవీ, పిల్లలూ, గుంపుగా వచ్చి ఆ పగిలిన మడమల చుట్టూ చేరాయి. కరువులో పుట్టి బాన తప్ప ఏమీ చూడని పిల్లచేపలు కూడా వచ్చాయి.

"మొక్కింది చాలమ్మా, ఇంక పోండి" అంది తిప్పమ్మ. ఈసారి పనుందని అనలేదు. పాదాలు నీళ్లలో ఉండగానే కళ్లు మూసింది.

అదీ కథ. మీరు ఇప్పుడు ఆ పక్కకు పోయి చూడండి. కొత్తగా ఎవరు చేపల తొట్టి కట్టినా, పట్నంలో అద్దాల పెట్టెలో చేపలు పెంచుకునేవాళ్లైనా, ముందు పాత తొట్టి ఉన్నవాళ్ల ఇంటికి పోయి ముంతెడు నీళ్లు, గుప్పెడు ఒండ్రు అడిగి తెచ్చుకుంటారు. నాచు నాటి ఊరుకుంటారు. దారిన పోయేవాళ్లు గుమ్మంలోంచి తొంగి చూసి "ఆకేసిందా?" అని అడుగుతారు. ఏసింది అన్న జవాబు వచ్చేదాకా ఆ నీళ్లలో చేప పడదు.

రేవులో బండలన్నీ అద్దాల్లా ఉంటాయి, అక్కడ ఉతికేవాళ్ల చేతులు అలాంటివి. ఒడ్డు దగ్గర నీళ్లలో పొత్రమంత రాయి ఒకటి మాత్రం పాచి పట్టి పచ్చగా ఉంటుంది. దాన్ని ఎవరూ తోమరు. పెళ్లి కాగానే కొత్త జంట నేరుగా ఆ రేవుకు వస్తుంది. పెద్దల కాళ్లకు మొక్కడం అక్కడి నుంచే మొదలు. ఉతికిన తెల్లబట్టలు తడిసినా సరే, ఇద్దరూ నీళ్లలో దిగి, వంగి ఆ రాయిని రెండు చేతులతో ముట్టుకుని కళ్లకద్దుకుంటారు.