ఆవకాయ జాడీల మధ్య గడ్డి

అబద్ధమన్నవాళ్లు లేచి నా ఎదుట నిలబడండి!

రాజుగారి విద్యాపీఠంలో ఏటా నూరుమంది చేరితే తొంభైమంది పరీక్ష తప్పేవారు. "అది మా చదువు గొప్పతనం," అనేవారు ప్రధానాచార్యులు. ఓ ఏడు తప్పినవాళ్లను ఇళ్లకు దింపమని బండి తోలే నన్ను పిలిచారు. ఏడుస్తున్న తొంభైమందినీ, ఆచార్యులు వియ్యంకుడికి పంపే నూరు ఆవకాయ జాడీలనూ ఒక్క బండిలో ఎక్కించిన మొనగాణ్ణి నేను!

"స్వామీ, పది జాడీలే చేరతాయి. తక్కినవి పగిలితే అది నా బండి గొప్పతనం," అన్నాను.

"ఓరి మూర్ఖుడా! మధ్యలో గడ్డి కుక్కి, గతుకుల్లో మెల్లగా తోలు!"

"జాడీలకు చేసే ఆ సాయం పిల్లలకూ చెయ్యండి, స్వామీ."

ఆయన పిల్లలందర్నీ బండి దిగమన్నారు. వెనకబడిన ప్రతివాడి పక్కనా పై తరగతివాణ్ణి కూర్చోబెట్టారు. మరుసటేడు నూటికి తొంభైతొమ్మిదిమంది గట్టెక్కారు.

నమ్మకపోతే ఇప్పటి ప్రధానాచార్యులు వేదగిరి శాస్త్రిగారిని అడగండి. ఆ రోజు నా బండిలోంచి చివరగా దిగింది ఆయనే.