సత్యకళ కొనబోయిన ట్యాబు

"గురువుగారూ, ఈ ల్యాప్‌టాప్ తీసేసి కీబోర్డు ఊడొచ్చే ట్యాబు కొనుక్కోమంటారా, వద్దంటారా?" అని సత్యకళ అడిగింది. అడిగింది శనివారం. కూర్మారావు మాస్టారి జవాబు సోమవారం మధ్యాహ్నానికి గాని పూర్తి కాలేదు. ఆ జవాబు నాకు ఇప్పటికీ సగమే బోధపడింది. మిగతా సగం మీకేమైనా అంతుబడుతుందేమోనని చెబుతున్నాను.

మేం ముగ్గురం అర్జీలు రాసేవాళ్లం. కలెక్టరాఫీసు గేటు పక్కన రేకుల షెడ్డులో మూడు బల్లలు మావి. మాస్టారు బడిలో పనిచేసిన మనిషి కాదు. మా ఇద్దరికీ అర్జీ రాయడం నేర్పారు గనుక మాస్టారు. నేను ఆయన మొదటి శిష్యుణ్ణి, జోగారావుని, పెన్నుతో రాస్తాను. సత్యకళ రెండో శిష్యురాలు, కంప్యూటరు మీద కొడుతుంది. ఆ పిల్ల దగ్గర జనం ఎక్కువ, నా దగ్గర తక్కువ. ఆ కడుపుమంట నాకు లేదని చెబితే అబద్ధం అవుతుంది.

మాస్టారికో అలవాటు. సలహా అడిగితే చెప్పరు. "చూద్దాం" అంటారు, మనకో పని అంటగడతారు. ఓసారి నేను కళ్లజోడు మార్చుకోవాలా అని అడిగితే బస్టాండుకి తీసుకెళ్లి గంటసేపు బస్సుల బోర్డులు చదివించారు. చదివాను. రెండు తప్పు చదివాను. ఆయన టీ తాగి, నాకూ తాగించి, వెనక్కి తీసుకొచ్చేశారు. కళ్లజోడు ఊసే ఎత్తలేదు. ఇలాంటి మనిషిని ట్యాబు గురించి అడగడమేమిటని నేను సత్యకళతో అననే అన్నాను. "మరెవర్ని అడగమంటావన్నయ్యా? అడిగినవాళ్లంతా నన్ను పిచ్చిదాన్ని చేశారు" అంది.

అదీ నిజమే. దాని ల్యాప్‌టాప్‌కి ఆరేళ్లు. మడత దగ్గర విరిగిపోయి, మూత నిలబడ్డానికి వెనక ఇటుక పెట్టుకుంటోంది. ప్లగ్గు పీకితే ప్రాణం పోతుంది. కొత్తది కొందామని షాపుకెళితే అక్కడి కుర్రాడు, "మేడమ్, ఇప్పుడెవరూ ల్యాప్‌టాప్ కొనడం లేదు, ఈ ట్యాబు కొనండి, కీబోర్డు తగిలిస్తే ల్యాప్‌టాప్, పీకేస్తే ట్యాబు" అన్నాడట. సరేనంటే కీబోర్డు విడిగా కొనాలన్నాడు, పెన్ను విడిగా కొనాలన్నాడు, వెనక నిలబెట్టే చెక్క కూడా విడిగానే అన్నాడు. వాళ్ల చిన్నాన్న కొడుకు ఫోన్లో, "రెండు పనులూ చేస్తానన్నది ఏ పనీ సరిగా చెయ్యదక్కా" అన్నాడు. వాళ్ల బావగారేమో, "నాలుగేళ్లుగా వాడుతున్నాను, బంగారం" అన్నాడు. రాత్రిళ్లు వీడియోలు చూసింది. ఒకడు ర్యామ్ ముఖ్యమన్నాడు, ఒకడు స్క్రీన్ ముఖ్యమన్నాడు, ఇంకొకడు నీకేం కావాలో ముందు నువ్వు తేల్చుకో అని కోప్పడ్డాడు. దాని పాత అర్జీ నమూనాలన్నీ పాత తెలుగు ఫాంటులో ఉన్నాయి, కొత్త దాంట్లో అవి తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయా, కోడిగీతలు కనిపిస్తాయా అన్నది ఎవరూ చెప్పలేదు. ఒక పెద్ద పట్టిక రాసుకుని తెచ్చి మాస్టారి ముందు పెట్టింది. నేనూ తొంగిచూశాను. చూశాక నాకు తల తిరిగింది.

మాస్టారు ఆ పట్టిక మొత్తం శ్రద్ధగా చదివారు. చదివి, "మీ బావగారిది ఒక్కరోజు అడిగి తీసుకురా. సోమవారం రెండూ బల్ల మీద పెట్టుకుని కూచో. చూద్దాం" అన్నారు.

సోమవారమంటే మాకు జాతర. జిల్లా నలుమూలల నుంచీ అర్జీలు పట్టుకుని జనం వస్తారు. ఒంటిగంటకి లోపల కౌంటరు మూసేస్తారు, ఆ తర్వాత వచ్చినవాళ్లు మళ్లీ వారం దాకా ఆగాలి. సత్యకళ ఒక పక్క ఇటుక ఆనించిన ల్యాప్‌టాప్, ఇంకో పక్క తళతళలాడే ట్యాబు పెట్టుకుని, ఏది ముట్టుకోవాలో తెలియక రెంటినీ మార్చి మార్చి చూస్తూ కూచుంది. పదకొండున్నరకి ఒకావిడ వచ్చి దాని ఎదుట స్టూలు మీద కూచుంది. పేరు గున్నమ్మ. జీడిపిక్కలు కొట్టే పని. ఊరు తూర్పున జీడితోటల్లో ఎక్కడో ఉంది, రెండు బస్సులు మారి వచ్చింది.

"బియ్యం ఇవ్వడం నేదు తల్లీ" అని మొదలుపెట్టింది. "రెండు నెల్లయింది. ఏలెడితే మిసను పట్టడం నేదు. ఈ నెలా నేకపోతే కార్డే పోద్దని డీలరు బాబు సెప్పీసినాడు. నానొక్కర్తినే. నాకు మరో దారి నేదు."

ఆమెకి కావలసినదల్లా అదే. కార్డు నిలవాలి, బియ్యం రావాలి. సత్యకళ తల ఊపి, ల్యాప్‌టాప్‌లో 'రేషను - వేలిముద్ర' అనే నమూనా తెరిచింది. అది ఎప్పుడో ఇంకో ఊరివాళ్లకి కొట్టినది. పేరూ, ఊరూ, కార్డు నంబరూ మారిస్తే చాలు, అర్జీ తయారు. మాలాంటివాళ్లకి నమూనా అంటే వండి పెట్టిన అన్నం. గున్నమ్మ చెబుతూనే ఉంది. రెండు చేతులూ ముందుకి చాచి, "ఇలాగైపోనాయమ్మా, సూడు, ఇలాగైపోనాయి" అంటోంది. సత్యకళ మూత వెనక నుంచి "ఊఁ, చెప్పమ్మా, ఊఁ" అంటూ టకటకా కొడుతోంది.

ఇంతలో కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ గుటుక్కుమంది. అయ్యో రామా అని సత్యకళ నెత్తిమీద చెయ్యి పెట్టుకుని, వెంటనే ట్యాబు లాక్కుంది. నమూనాలు అందులోకి ఆదివారమే ఎక్కించి పెట్టుకుందట. అక్షరాలు కోడిగీతలు కాలేదు గాని, ఒత్తులన్నీ ఒక అడుగు పక్కకి జరిగాయి. బల్ల మీద పడుకోబెట్టి, దాని మీదకి వంగిపోయి, పెన్నుతో ఒక్కొక్క ఒత్తునీ సరిచేసింది. గున్నమ్మ కాసేపు చెప్పింది, కాసేపు ఊరుకుంది, చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఎదుటి జిరాక్సు షాపులో ఇన్వర్టరు ఉండబట్టి కాగితం బయటికొచ్చింది. పన్నెండు దాటి పది నిమిషాలు. సత్యకళ మొహం వెలిగిపోతోంది. "చూశావా అన్నయ్యా, కరెంటు పోయినా ఆగలేదు!" అంది. నాకు ఒళ్లు మండింది. రోజంతా వంద కాగితాలు రాసినా నా పెన్నుకి కరెంటు అక్కర్లేదని ఎవరికీ గుర్తురాదు.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. శిష్యులు రాసిన అర్జీ మీద సంతకమైనా, వేలిముద్రైనా మాస్టారి బల్ల దగ్గరే పడాలి. ఆయన కాగితం చదివి వినిపిస్తారు, ఆ మనిషి సరేనంటే అప్పుడు ముద్ర. మాస్టారు చదివారు. రేషను షాపులోని వేలిముద్రల మిషను పాడైపోయి సరిగా పనిచేయనందున, దయచేసి సదరు మిషను మార్పించవలసిందిగా ప్రార్థన అని ఉంది. "సరేనా అమ్మా?" అన్నారు. గున్నమ్మ చేతులు జోడించి, "తమరు రాసినారంటే సరే బాబూ" అంది. మాస్టారు ఆమె బొటనవేలు పట్టుకుని సిరా పెట్టె మీద అద్ది, కాగితం మీద నొక్కి తీశారు. తీసి, అలాగే చూస్తూ ఉండిపోయారు. పక్కన ఇంకోసారి వేయించారు. ఎడమచేతిదీ వేయించారు. నేను లేచి వెళ్లి చూశాను. మూడూ నల్లటి మచ్చలే. వేలిముద్రలో ఉండవలసిన గీత ఒక్కటీ లేదు.

"సత్యకళా, ఈవిడ చేతులు ఎలా ఉన్నాయమ్మా?" అని అడిగారు మాస్టారు.

సత్యకళ చప్పున ట్యాబు మీదకి వంగి, తను కొట్టిన అర్జీని వేలితో పైకీ కిందికీ జరిపి వెతకడం మొదలుపెట్టింది.

నేను నవ్వాను. ఒప్పుకుంటున్నాను, నవ్వాను. మాస్టారు నవ్వలేదు. ఆయన గున్నమ్మ చెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టారు. సత్యకళ వెతికి వెతికి, తలెత్తి, అప్పుడు చూసింది. పిక్క పగిలినప్పుడు చిమ్మే జీడి నూనె ముప్పై ఏళ్లపాటు తిన్న చేతులవి. వేళ్ల చివరలు నున్నగా, నల్లగా, మెరుస్తున్నాయి. అక్కడక్కడ చర్మం పొరలుగా లేచింది. మిషను పాడవలేదు. దానికి పట్టుకోవడానికి అక్కడ గీతలే లేవు. మిషను మార్చమని అర్జీ పెడితే ఏమవుతుందో మా ముగ్గురికీ తెలుసు. డీలరుని అడుగుతారు, మిషను బాగానే ఉందని అతను రాసిస్తాడు, అర్జీ పరిష్కారమైందని మూసేస్తారు. గున్నమ్మ కార్డు పోతుంది. మేం రాసిన కాగితమే ఆమె నోటి దగ్గరి కూడు తీసేసేది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది సత్యకళ.

"సెప్పినాను గదా తల్లీ. ఇలాగైపోనాయని సెప్పినాను. నువ్వు ఊఁ అన్నావు గదా" అంది గున్నమ్మ. ఆ మాటలో నిష్ఠూరం ఏమాత్రం లేదు. అందుకే వినడం మరీ కష్టమైంది. సత్యకళ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు మాస్టారు దానికి తెల్లకాగితం, పెన్ను ఇచ్చి, చేత్తో రాయమంటారని నాకు గట్టి నమ్మకం. ఆ ముచ్చట చూడ్డానికి నేను సర్దుకుని కూచున్నాను కూడా. ఆయనేమో, "ఏడుపు తరవాత. కొట్టమ్మా, టైమైపోతోంది. దాని మీదే కొట్టు" అన్నారు. నాకేమీ అర్థం కాలేదు. తప్పు చేసింది ఆ ట్యాబు మీదేనా, కాదా? మరి మళ్లీ దాని మీదేమిటి? అడుగుదామంటే ఆయన మొహం అడగనిచ్చేలా లేదు.

ఈసారి నమూనా లేదు. సత్యకళ ఒక వాక్యం కొడుతుంది, ఆగి గున్నమ్మని అడుగుతుంది, మళ్లీ కొడుతుంది. ఎన్నేళ్ల నుంచి పిక్కలు కొడుతున్నావు? ఏ చెయ్యి ముందు పాడైంది? అన్నం కలుపుకుంటే మండుతుందా? గున్నమ్మ జవాబులు చెబుతూ చెబుతూ మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. వేలిముద్రకి బదులు కంటిపాపని చూసే మిషనుతోనైనా, ఊరి అధికారి సంతకం మీదైనా బియ్యం ఇప్పించాలని, కార్డు తీసెయ్యకూడదని రాసింది. ఆఖర్న, ఈ కాగితం కింద నేను వేసిన ముద్రలు చూస్తే నా బాధ తెలుస్తుంది అని ఒక వాక్యం పెట్టింది. అలాంటి వాక్యం నేను ఇరవై ఏళ్లలో రాయలేదు. ఎదుటి షాపులో తీయించిన ఆ కాగితాన్ని మాస్టారు చదివి వినిపించి, కింద ముద్రలు వేయించారు. ఒంటిగంటకి తొమ్మిది నిమిషాలుండగా గున్నమ్మ గేటు లోపలికి పరుగెత్తింది, సత్యకళ ఆమె చెయ్యి పట్టుకుని వెంట పరుగెత్తింది.

రెండింటికి ఇద్దరూ తిరిగొచ్చారు. లోపలి అధికారి కాగితం కింది మచ్చలు చూసి, గున్నమ్మ చేతులు చూసి, ఇంకో మాట అడగకుండా రాసిచ్చాడట. ఈ నెల బియ్యం ఊరి అధికారి సంతకం మీద, వచ్చే నెల నుంచి కంటి మిషను, కార్డు అలాగే ఉంటుంది. ఆ చీటీ చదివించుకోవడానికి గున్నమ్మ మాస్టారి దగ్గరికి వచ్చింది. మాస్టారు రెండుసార్లు చదివి వినిపించారు. మూడోసారి కూడా చదవమంటే మూడోసారీ చదివారు. ఆమె చీటీని రవికలో దోపుకుని, పైట కప్పుకుంది.

కరెంటు వచ్చింది. సత్యకళ తన బల్ల దగ్గర కూలబడి, ఎదుట ఉన్న రెంటినీ చూసింది. "నాకింకా తికమకగానే ఉంది గురువుగారూ. ల్యాప్‌టాప్ మీద మొదలుపెట్టిందే తప్పు, ట్యాబు మీద పూర్తిచేసిందీ తప్పే, ఒప్పు రాసింది కూడా ఆ ట్యాబు మీదే. బావగారిది సాయంత్రం తిరిగిచ్చెయ్యాలి. ఇప్పటికైనా చెప్పండి, ఏది కొనమంటారు?" అంది.

మాస్టారు గున్నమ్మ వైపు తిరిగారు. "రెంటి ముందూ కూచున్నది నువ్వే కదమ్మా. నువ్వు చెప్పు."

"నానేటి సెప్పగల్ను బాబూ!" అని గున్నమ్మ సిగ్గుపడిపోయింది. అయినా ఆ రెంటినీ ఎగాదిగా చూసింది. "ఆ ఇటికెట్టిన దానికాడ అమ్మ కళ్లు మట్టుకు కానొచ్చినాయి. ఈ పలకకాడేమో పాపిటొక్కటే కానొచ్చింది. అమ్మ మొకం అంతా కానొచ్చీది మరోటేదైనా అమ్ముతారేటి?"

మాస్టారు సిరా పెట్టె మూసి, సత్యకళ వైపు చూశారు.

"వాకబు చెయ్యమ్మా."