తెలియదన్న నయ్రవ్వ

కొండలకింకా పేర్లు పెట్టని కాలంలో, ఆకాశానికి దగ్గరగా, పెద్ద సరస్సు ఒడ్డున ఐమారా అనే కొండజాతి వాళ్ళ ఊరొకటి ఉండేది. ఆ చలికి బంగాళాదుంప తప్ప మరొకటి పండేది కాదు. ఆ ఊళ్ళో నయ్రవ్వ అని ఒక ముసలామె. నా అన్నవాళ్ళు లేరు.

విత్తే కాలం ముందు ఆమె తీతువు పిట్టల గుడ్లు వెతికేది. అవి గుడ్లు పల్లంలో పెడితే వానలు తక్కువ, పల్లంలోనే నాటాలి. మెరక మీద పెడితే వానలు ఎక్కువ, కొండవాలున నాటాలి.

ఏటా ఊరు వచ్చి అడిగేది. "అవ్వా, ఈ ఏడు ఎక్కడ నాటమంటావు?" ఏటా అవ్వ నడుం పట్టుకుని లేచేది.

ఒక ఏడు గుడ్లు పల్లంలో చూసింది, అక్కడే నాటారు. పంట పండింది. మరో ఏడు మెరక మీద చూసింది. పంట పండింది. మూడో ఏడు పల్లంలోనూ ఉన్నాయి, మెరక మీదా ఉన్నాయి. కాళ్ళు లాగేసేదాకా తిరిగినా అంతే.

ఊరిపెద్ద కుంతూరి వచ్చాడు. "అవ్వా, ఈ ఏడు ఎక్కడ నాటమంటావు?"

"నాకు తెలియడం లేదయ్యా."

"ఊరంతా నీ మాట కోసం చూస్తోంది. ఏదో ఒకటి చెప్పు."

"పిల్లలు తినే తిండి. ఏదో ఒకటి ఎలా చెప్పను? పైన కొంత, నడుమ కొంత, కింద కొంత నాటండి."

"మూడు చోట్ల తవ్వాలా? ఎవరి వల్ల అవుతుంది అవ్వా?"

నిజమే, ఊరంతా అలిసే ఉంది. పల్లపు నేల మెత్తన. అందరూ పల్లంలోనే నాటారు.

అవ్వ తన కాస్త విత్తనాన్నీ మూడు చోట్లకి మోసింది. పైన నాటి కూర్చుంది. నడుమ నాటి కూర్చుంది. కింద నాటాక ఇక లేవలేకపోయింది. పక్కింటామె వచ్చి చెయ్యిచ్చి లేపింది.

వానలు పట్టుకున్నాయి. వదల్లేదు. సరస్సు పొంగి పల్లాన్ని మింగేసింది. అవ్వ కింద నాటినవీ కుళ్ళిపోయాయి. నడుమ సగం పోయాయి. పైన నాటినవే నిలిచాయి.

కుంతూరి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నీకు తెలిసే ఉంటుంది అవ్వా. ఎందుకు దాచావు?"

"తెలిస్తే కింద ఎందుకు నాటుతానయ్యా?" అంది అవ్వ. దుంపల బుట్ట అతని వైపు జరిపింది. "వీటిని తినకండి. విత్తనానికి ఉంచండి."

ఆ చలికాలం ఊరు చేపలతో, జమ్ము వేళ్ళతో గడిపింది. అవ్వకి అంత ఓపిక మిగల్లేదు. విత్తే కాలం రాకముందే పోయింది.

ఆ విత్తనంతోనే ఊరు నిలబడింది. ఇప్పటికీ అక్కడ ఎవరూ ఒక్కచోటే నాటరు. పైన కొంత, నడుమ కొంత, కింద కొంత. మూడో చేను నాటడం అయ్యాక గట్టు మీద ఉన్ని దుప్పటి పరుస్తారు.

"అవ్వా, ఇక నడుం వాల్చు. మిగతాది మేం చూసుకుంటాం," అంటారు.

పొద్దు వాలేదాకా ఆ దుప్పటిని ఎవరూ తీయరు.