దుంగ ముఖాన సూర్యుడు

ఒకప్పుడు, కోసిన దుంగ ముఖం మీద ఒక్క పగులు కూడా ఉండేది కాదు. కంచం బోర్లించినట్టు నున్నగా ఉండేది. ఇవాళ ఏ కట్టెల మేటు దగ్గరికెళ్లి చూసినా, దుంగ కొసన నడిమధ్య నుంచి చుట్టూరా పగుళ్లు కనిపిస్తాయి కదా, అవి అప్పుడు లేవు. అవి ఊరికే రాలేదు. ఒక అమ్మమ్మ పంతం పట్టి తెప్పించింది.

ఆ అమ్మమ్మ పేరు దాలమ్మ. ఆమె ఉండేది మబ్బుగూడెంలో. కొండ నెత్తిమీద ముప్పై ఇళ్ల గూడెం అది. వానలు వెనకబడి దీపావళి వెళ్లిందంటే చాలు, అక్కడికి చలి దిగేది. చుట్టపుచూపుగా కాదు, నాలుగు నెలలు కాపురం పెట్టడానికే వచ్చేది.

చలి వస్తుందని గూడెంలో అందరికీ తెలుసు. అందుకే దసరా నాటికే చెట్లు కోసి, దుంగలు చేసి పెట్టుకునేవారు. అయితే వాళ్లకొక ఆచారం ఉండేది. వేలు తెగితే పసుపు పెట్టమా? అలాగే దుంగ కోసిన వెంటనే రెండు కొసలకీ పసుపు కలిపిన మట్టి మెత్తేవారు. పాపం, చెట్టుకి గాయమైంది కదా అని వాళ్ల బాధ.

జాలి మంచిదే. కాదనడానికి నేనెవర్ని? కానీ ఆ దుంగలు ఎన్నాళ్లయినా ఎండేవి కావు. గొడ్డలి వేస్తే పచ్చి చెక్క దాన్ని కరిచి పట్టుకునేది, చీలేది కాదు. చివరికి దుంగని దుంగలాగే పొయ్యిలోకి తోసేవారు. అది సుయ్ సుయ్ మంటూ నురగ కక్కేది. ఇంటినిండా పొగ, వెచ్చదనం మాత్రం సున్నా.

చలికి ఆ పొయ్యిలంటే మహా ఇష్టం. తిన్నగా ఇంట్లోకొచ్చి, పొయ్యి పక్కనే పీట వేసుకుని కూర్చునేది. పోయిన ఏడు అలా కూర్చుని కూర్చుని, వెళ్తూ వెళ్తూ దాలమ్మ అత్తగారిని తీసుకుపోయింది. ముసలామె పోయాక దాలమ్మ చాలా రోజులు అన్నం సరిగా తినలేదు.

ఈ ఏడు దసరా ముందు దాలమ్మ కూతురు సింగారికి ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత పిల్ల. పురిటికి పదో రోజు పొద్దున్న, దాలమ్మ గడప కడుగుతుంటే కాళ్లకి చల్లగా ఏదో తగిలింది. తలెత్తి చూస్తే వాకిట్లో చలి నిలబడి ఉంది.

"ఏటి, ఇంకా దీపావళి రాకుండానే దిగావు?" అంది దాలమ్మ.

"చూసిపోదామని వచ్చాను," అంది చలి, ఇంట్లో వేలాడుతున్న ఉయ్యాల వైపు తొంగిచూస్తూ. "దీపావళి మర్నాటికి వచ్చేస్తాను. ఉయ్యాల చిన్నదే. అయినా పిల్ల పక్కన సర్దుకుంటాలే."

దాలమ్మ ఒళ్లు మండిపోయింది. చేతిలో ఉన్న చెంబెడు నీళ్లూ చలి ముఖాన కొట్టింది. చలికి నీళ్లంటే భయమా? నవ్వుకుంటూ వెళ్లిపోయింది. దాలమ్మ చెంబు అక్కడే పడేసి, రంపం కోసం లోపలికి నడిచింది.

ఆ రోజే దాలమ్మా, అల్లుడు డొంబూ అడవికి వెళ్లారు. గాలివానకి కూలిన నల్లమద్ది చెట్టు ఒకటి ఉంటే, రంపానికి ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టి పన్నెండు దుంగలు కోశారు. డొంబు పలుకే బంగారంగా ఉండే మనిషి. సాయంత్రానికి, "చేతులు పోయాయత్తా" అని ఒక్క మాటన్నాడు, అదే ఎక్కువ.

ఇంటికి తెచ్చి మట్టి మెత్తబోతే పసుపు చాల్లేదు. ఇంట్లో ఉన్నదంతా బాలింతకీ బిడ్డకీ అయిపోయింది. పదకొండు దుంగలకే వచ్చింది. పన్నెండోది వాకిట్లో బండమీద, తూర్పు ముఖంగా ఉండిపోయింది.

"ఓర్చుకో నాయనా, రేపు ఎవరినైనా అడిగి తెస్తాను," అని దాలమ్మ దాన్ని నిమిరింది. కానీ మర్నాడు పసిదానికి ఒళ్లు వెచ్చబడింది. నాలుగు రోజులు దాలమ్మ ఉయ్యాల దగ్గర నుంచి కదల్లేదు. పిల్ల తేరుకున్నాక, అయిదో రోజు గిన్నెడు పసుపు అడిగి తెచ్చి, మట్టి కలిపి దుంగ ముందు కూర్చుంది.

"ఆగు తల్లీ," అంది దుంగ.

దాలమ్మ చేతిలో గిన్నె జారింది. "నువ్వు మాటాడతావా?"

"ఇన్నాళ్లూ మా నోట్లో మట్టి కొట్టి, మాటాడతావా అని అడుగుతున్నావా?" అంది దుంగ. "నోరు తెరుచుకుని ఉన్నది నేనొక్కదాన్నే."

"మట్టి కొట్టలేదు, మందు పెట్టాం. నీకు నొప్పిగా ఉంటాదని."

"నా నొప్పి నేను కూలిన రోజే పోయింది. ఇప్పుడు నాకున్నది కడుపుబ్బరం. వానాకాలమంతా తాగిన నీళ్లు కడుపులోనే ఉన్నాయి. మీరేమో రెండు వైపులా బిరడా కొట్టేస్తారు. పొయ్యిలో పెడితే ఏడవక ఏం చేస్తాను? నన్ను ఇలా వదిలెయ్. కింద రెండు రాళ్లు పెట్టి కాస్త పైకెత్తు. ఎండని లోపలికి రానియ్."

దాలమ్మ దాని కింద రెండు రాళ్లు దోపింది. తర్వాత లేచి, మిగతా పదకొండు దుంగల ముఖాలూ గీకి కడగడం మొదలుపెట్టింది.

అది చూసి గూడెం పెద్ద గాసయ్య కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. వెనక పదిమంది.

"ఒలే దాలమ్మా, మతిపోయిందేటి? గాయమ్మీద మందు గీకేత్తావా? తాతల కాడ్నించి ఉన్న పద్ధతది."

"తాతల కాడ్నించి పొగే తాగుతున్నాం మావా," అంది దాలమ్మ, చెయ్యి ఆపకుండా. "దుంగే నాతో సెప్పింది. ఎండ తగలనీమంది."

పదిమందీ పకపకా నవ్వారు. గాసయ్య నవ్వలేదు. "సరే, నీ ఇష్టం. చలి దిగాక నీ పొయ్యి ఆరిపోతే మా గడప తొక్కకు. ఈ గూడెంలో ఒక్క ఇంట్లోనూ నీకు నిప్పు పుట్టదు."

ఆ మాట పిడుగులా పడింది. లోపల ఉయ్యాల ఊపుతున్న సింగారి చెయ్యి ఆగిపోయింది. "అమ్మా, పిల్ల మాటేటి?" అంది సన్నగా.

"పిల్ల కోసమేనే," అంది దాలమ్మ. ఇంకో దుంగని ముందుకి లాక్కుంది.

పైనుంచి సూర్యుడు ఇదంతా వింటూనే ఉన్నాడు. ముఖాలు కడుక్కున్న పన్నెండు దుంగల్ని చూసి ఆయనకి ప్రాణం లేచివచ్చింది. "ఎన్నాళ్లకి నాకు తలుపు తీశారు," అని తన వేళ్లన్నీ చాపి, దుంగల నడిమధ్యన ఆనించాడు. లోపలి నీరు బొట్టుబొట్టుగా ఆవిరైపోసాగింది. వారం గడిచాక ఒక మధ్యాహ్నం టప్‌మని చిన్న చప్పుడైంది. దుంగ ముఖం మీద ఒక గీత. మర్నాడు మూడు. ఆ పైన నడిమి నుంచి అంచుదాకా అన్ని వైపులకీ గీతలే. సూర్యుడి వేళ్లు ఎక్కడ ఆనాయో అక్కడల్లా గీతపడింది.

"ఇప్పుడు ఆ గీతలో చీల పెట్టు," అంది దుంగ.

దాలమ్మ పెద్ద గీతలో కొయ్య చీల దిగ్గొట్టి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, గొడ్డలి మడమతో ఒక్కటిచ్చింది. ఫటేల్‌మని దుంగ రెండుగా విడిపోయింది. లోపల చెక్క తేనె రంగులో మెరిసింది. మబ్బుగూడెంలో ఒక దుంగ చీలడం అదే మొదలు. డొంబు నోరు తెరిచి, "అబ్బ" అన్నాడు. ఆ రోజుకి ఆయన మాటల కోటా అయిపోయింది.

రెండు నాలుగయ్యాయి, నాలుగు ఎనిమిదయ్యాయి. ఆ పేళ్లని దాలమ్మ ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా, మధ్యన సందులు వదులుతూ పేర్చింది. దీపావళికి ముందు, సంగతేమిటో చూసి రమ్మని చలి తన గాలిని పంపింది. గాలి మేటు చుట్టూ తిరిగి, సందు సందులో దూరి, ఆరా తీసింది. పాపం, ఆ తిరగడంలో పేళ్లలో ఉన్న ఆ కాస్త తడి కూడా తనే ఆరబెట్టి పోయింది. చలి తన మనిషి చేతే తన కొంప ముంచుకుంది.

దీపావళి మర్నాడు పొద్దువాలుతుండగా చలి దిగింది. ఇళ్లన్నీ పొగలో మునిగిపోయాయి. చలి ఎక్కడా ఆగలేదు, నేరుగా దాలమ్మ ఇంటికే వచ్చింది.

"పీట అక్కడే ఉంది, కూర్చో," అంది దాలమ్మ.

చలి దర్జాగా కూర్చుంది. దాలమ్మ రెండు పేళ్లు తీసి పొయ్యిలో పెట్టింది. చిటపటమంటూ అంటుకున్నాయి. మంట మోకాలెత్తు లేచింది. ఇల్లంతా వెలుగు. సింగారి బిడ్డ మీది గుడ్డ తీసేసింది, పిల్ల కాళ్లు ఆడించింది.

"పొగ ఏదీ?" అంది చలి, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ. చలికి చెమట పట్టడం అదే మొదలు. పీట వెనక్కి జరిపింది. గోడదాకా జరిపింది. గడపదాకా జరిపింది.

"పిల్ల పక్కన సర్దుకుంటానన్నావు కదా," అంది దాలమ్మ, ఇంకో పేడు వేస్తూ. "సర్దుకో మరి."

చలి పీట అక్కడే వదిలేసి, వెనక్కి చూడకుండా కొండ అవతలికి పరిగెత్తింది. దాలమ్మ ఆ పీట తెచ్చి తనే వేసుకుని కూర్చుంది. పోయిన అత్తగారు గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. అయినా నవ్వింది, గూడెం అంతటికీ వినిపించేలా నవ్వింది.

కాసేపటికి గాసయ్య పిడత పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. వెనక ఆ పదిమందే. పొగకి అందరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి.

"దాలమ్మా," అన్నాడు నేల చూస్తూ, "కాసిన్ని నిప్పులిత్తావా?"

"నిప్పులూ ఇత్తాను, పేళ్లూ ఇత్తాను మావా. రేపు పొద్దున్నే మీ దుంగల ముఖాలు కడిగెయ్యండి," అంది దాలమ్మ, పిడత అందుకుంటూ.

తెల్లారేసరికి గూడెంలో ప్రతి వాకిట్లోనూ దుంగలు ముఖం కడుక్కుని తూర్పుకి తిరిగి కూర్చున్నాయి. బిడ్డకి ఎండమ్మ అని పేరు పెట్టారు. ఆ ఏడాది చలి మబ్బుగూడెం నుంచి ఎవర్నీ తీసుకుపోలేదు.

అప్పటినుంచే, ఏ దుంగని కోసి ఆరబెట్టినా, నడిమి నుంచి అంచుదాకా పగుళ్లు విచ్చుకుని, దాని ముఖాన పిల్లలు గీసే సూర్యుడి బొమ్మ పడుతోంది.