తుమ్మలమెట్ట జనాజా

సనావుల్లా మదరసాకు తిరిగి వచ్చేసరికి ఒళ్ళంతా చెమట, కళ్ళలో నిప్పులు.

"వాళ్ళను బాగుచెయ్యడం మన వల్ల కాదు హజ్రత్!" అన్నాడు గడప దాటకుండానే.

మౌల్వీ మునీరుద్దీన్ గారు అన్నం ముందు కూర్చుని ఉన్నారు. ఆ చుట్టుపట్ల ఆయన పేరు తెలియని ముసల్మాను లేడు. మొహర్రంలో కల్లు మానిపించిన మనిషి. ఆడపిల్లలను చదువుకు కూర్చోబెట్టిన మనిషి. ఖురాను అర్థం తెలుగులో చెప్పినందుకు పెద్దల చేత తిట్లు తిన్న మనిషి. దీన్‌కు, అంటే మతానికి, మళ్ళీ ప్రాణం పొయ్యాలన్న ఆయన మాట విని, ఉత్తరాదిలో చదువు ముగించిన సనావుల్లా వచ్చి ఆయన దగ్గర శిష్యుడిగా చేరాడు.

"ఏమైంది?"

"తుమ్మలమెట్టలో దూది ఏకే ముసలాయన పోయాడు. పేరు చూడండి, కాశింపీరయ్య! మణికట్టుకు ఎర్రతాడు. ప్రతి ముసల్మానుకూ నోటికి రావాల్సిన కలిమాను కొడుకును చెప్పమంటే సగంలో నీళ్ళు నమిలాడు. పైగా నన్ను 'సామీ' అంటాడు! ఇలాంటివాళ్ళ శవానికి జనాజా నమాజు చదివించనని మొహం మీదే చెప్పి వచ్చేశాను. అప్పుడైనా బుద్ధొస్తుంది."

గురువుగారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"మరి శవం?"

"అక్కడే ఉంది."

"ఈ ఎండలోనా?"

ఆయన చెయ్యి కడుక్కుని లేచారు. మొహం కందగడ్డ అయింది. ఆయనకు అంత కోపం రావడం శిష్యుడు ఎన్నడూ చూడలేదు. అది తుమ్మలమెట్ట మీదే అనుకుని, హుషారుగా వెంట నడిచాడు.

రెండు కోసుల దారి.

గుడిసె ముందు చాప మీద శవం. ఆడవాళ్ళు కొంగులతో ఈగలు తోలుతూ ఏడుస్తున్నారు. కొడుకు హుసేనప్ప వీళ్ళను చూసి లేచి పక్కకు ఒదిగాడు, మళ్ళీ ఏం తప్పు దొరుకుతుందోనని.

"నీళ్ళు కాయించు నాయనా," అన్నారు గురువుగారు. చొక్కా చేతులు పైకి మడిచి, తానే శవానికి స్నానం చేయించారు. సనావుల్లా చేత చెంబుతో నీళ్ళు పోయించారు. ఎర్రతాడు దగ్గరికి రాగానే శిష్యుడు ఊపిరి బిగబట్టాడు. ఇప్పుడు తెంచి పారేస్తారు!

ఆయన ముడి ఓపిగ్గా విప్పి, తాడును హుసేనప్ప చేతిలో పెట్టారు.

"ఎవరు కట్టారు?"

"జొరం తగ్గాలని మా యమ్మ కట్టింది సామీ. తప్పని మాకు చెప్పినోళ్ళు ఎవురూ లేరు. మా నాయన ఏటా రంజాన్‌కు మీ మసీదుకాడికి వచ్చేటోడు. మెట్ల కింద నిలబడి చూసి, తిరిగి వచ్చేసేటోడు. లోపలికి ఎవురూ రమ్మన్లా."

గురువుగారు తల వంచుకుని, శవాన్ని తుడిచారు.

కఫన్ గుడ్డ చుట్టారు. మగవాళ్ళు వరసకట్టారు. ఎలా నిలబడాలో తెలియక ఒకరినొకరు చూసుకుంటుంటే, ఆయన ఒక్కొక్కరి భుజం పట్టి సరిచేశారు. ఆ తర్వాత నమాజు మొదలుపెట్టకుండా, శవం పక్కన కూర్చున్నారు.

"పెద్దాయనా," అన్నారు. "నువ్వు మా మెట్ల దాకా వచ్చావు. మేము నీ గుమ్మానికి రావడానికి నీ ప్రాణం పోవాల్సి వచ్చింది. అల్లా అడిగినప్పుడు దాచకు. దీన్‌ను బాగుచేస్తామని ఊరేగిన మునీరుద్దీన్ రెండు కోసులు నడవలేదని చెప్పు. నా పేరే ముందు చెప్పు."

ఆ కోపం ఎవరి మీదో సనావుల్లాకు అప్పుడు తెలిసింది. చేతిలోనే ఉండిపోయిన చెంబు ఎక్కడ పెట్టాలో తోచలేదు.

ఆయన నమాజు చదివించాక, శవాన్ని గోతిలో దించి మట్టి ఇచ్చారు. పొద్దు వాలింది. గురువుగారు బయలుదేరితే, శిష్యుడు తల వంచుకుని వెంట నడిచాడు. తుమ్మలమెట్ట చివర ఆయన ఆగారు.

"నువ్వెక్కడికి?"

"మదరసాకు, హజ్రత్."

"నీ మదరసా నీ వెనక ఉంది," అని ఆయన ఒక్కరే దారి పట్టారు.