పచ్చ టిక్కు సాక్ష్యం

కాగితం మీద పచ్చ టిక్కు కనబడగానే చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు మీలో ఎంతమంది?

ఒక ఊరి ప్రెసిడెంటు వీరభద్రం గారు అలాంటివాళ్లని నమ్ముకునే బతికారు. కుమ్మరులు తరతరాలుగా మట్టి తవ్వుకునే గుంట తనదేనంటూ ఓ ప్రింటు కాగితం తెచ్చి గ్రామసభలో ఊపారు. "డిజిటల్ సంతకం! పక్కనే పచ్చ టిక్కు! ఇంకేం సాక్ష్యం కావాలి? రేపట్నుంచి ఒక్క తట్ట మట్టి ముట్టుకోవద్దు."

సభకొచ్చిన ఎమ్మార్వో గారు టిక్కు చూసి తలూపారు. మట్టి లేకపోతే కుమ్మరి నూకాలు ఇంట్లో సారె తిరగదు, పొయ్యి వెలగదు. ఆమె లేచి తనూ ఓ ప్రింటు ఎమ్మార్వో గారి చేతిలో పెట్టింది.

ఆయన చదివి ఉలిక్కిపడ్డారు. "వీరభద్రం గారూ, మీరు పోయిన మాఘంలోనే చనిపోయారట!"

"దాని మీదా పచ్చ టిక్కుంది సూడండి బాబూ," అంది నూకాలు. "మరి పోయినాయన మాట సభలో సెల్లుద్దా?"

వీరభద్రం గారు కుర్చీలోంచి గంతేశారు. "దొంగ కాగితం! టిక్కుదేముందయ్యా, బొమ్మ! ఏ నెట్ సెంటర్లోనైనా అచ్చేస్తారు. దాని నంబరు ఆఫీసు కంప్యూటర్లో కొట్టి చూడండి!"

"కొట్టండి బాబూ. నాది దొంగదే, నేనే అచ్చేయించాను. అదే చేత్తో ఆయనదీ కొట్టీయండి."

ఎమ్మార్వో పంచాయతీ ఆఫీసులోకి వెళ్లి కొట్టారు. రెండు నంబర్లూ కంప్యూటర్లో లేవు. వీరభద్రం గారు బతికారు, ఆయన కాగితం చచ్చింది.

ఈసారి ఎవరైనా మీ ముందు అలాంటి ప్రింటు ఊపితే, దాని నంబరు అడిగి తీసుకోండి. దాన్ని జారీ చేసిన ఆఫీసు సైటులో మీ చేత్తో కొట్టి చూశాకే తలూపండి.