పచ్చబడ్డ పడవ స్టాంపు

అనగనగా కాలవ గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో పేర్రాజు గారని ఒకాయన ఉండేవాడు. ఆయనకి స్టాంపుల పిచ్చి. ఎవరింటికి ఉత్తరం వచ్చినా వాళ్ళ కన్నా ముందు ఈయన వెళ్ళి అరుగు మీద కూర్చునేవాడు. అంతా క్షేమమేనా అని కూడా అడిగేవాడు కాదు తల్లీ, కన్నంతా కవరు మీదే.

ఏటేటా పట్నంలో స్టాంపుల పోటీ పెట్టేవారు. మూడేళ్ళు వరసగా వెళ్ళాడు. మూడేళ్ళూ ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఊరంతా నవ్వింది. ఈసారైనా బహుమతి తెచ్చి ఆ నోళ్ళు మూయించాలని ఆయన పంతం పట్టాడు.

పోటీ ఇంకో వారం ఉందనగా, అటక మీది పాత పెళ్ళిపెట్టె దింపాడు. అడుగున పరిచిన కాగితం కింద ఒక స్టాంపు దొరికింది. తెల్లటి కాగితం మీద నీలం పడవ బొమ్మ. కానీ పడవ మీది ఆకాశం తెల్లగా లేదు. బొటనవేలంత మేర పచ్చగా ఉంది. పడవ స్టాంపు ఆయన ఎరుగును గానీ, పచ్చటి ఆకాశం ఉన్నది ఎక్కడా చూడలేదు.

"ఏమే, ఇది అచ్చులో తప్పు పడ్డ స్టాంపు. దేశం మొత్తం మీద ఇదొక్కటే ఉండుంటుంది" అన్నాడు.

ఆయన భార్య భ్రమరాంబ తొంగి చూసింది. ఏదో అనబోయింది. అంతలోనే పోపు మాడిపోతోందంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. పొయ్యి మీద పోపే లేదు.

ఆ తర్వాత పేర్రాజు గారు డ్రాయింగు మాస్టారి దగ్గరకెళ్ళాడు. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి, "అచ్చుతప్పే. రంగు పాళ్ళు కుదరలేదు" అన్నాడు. అప్పుడు పాత పోస్టుమాస్టారి దగ్గరకెళ్ళాడు. "ఓడలో వచ్చుంటుందండీ, ఉప్పుగాలి తగిలింది" అన్నాడాయన. అప్పటికీ తృప్తి లేక ఆయుర్వేదం ఆచారి గారి దగ్గరకెళ్ళాడు. ఆచారి గారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "కామెర్లు" అన్నాడు. నేల ఉసిరి పసరు రాయమని కూడా చెప్పాడు. చూశావా, ఊళ్ళో ముగ్గురు మగాళ్ళని అడిగాడు గానీ ఇంట్లో ఉన్న ఆడమనిషిని ఒక్క మాట అడగలేదు.

రేపు పోటీ అనగా, మధ్యాహ్నం భోంచేసి, తాంబూలం వేసుకుంటూ మళ్ళీ స్టాంపు చేతిలోకి తీసుకున్నాడు. చూస్తూ ఉండగానే పచ్చటి ఆకాశం మీద ఎర్రటి మచ్చ లేచింది. పాపం, ఆయన వంటింట్లోకి పరిగెత్తాడు.

"నా స్టాంపుకి ఏదో అయిపోతోందే" అన్నాడు.

"ఊరందరికీ చూపించారుగా, దిష్టి తగిలింది. ఉండండి" అంది భ్రమరాంబ. పళ్ళెంలో నీళ్ళు పోసింది. పసుపు కలిపింది. చిటికెడు సున్నం వేసింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆయన చుట్టూ మూడుసార్లు తిప్పింది.

పేర్రాజు గారు ఆ ఎర్రనీళ్ళ వంక చూశాడు. తాంబూలం సున్నం అంటిన తన వేలి వంక చూశాడు. అప్పుడు స్టాంపు వంక చూశాడు.

"ఇది పసుపు కదే" అన్నాడు నీరసంగా.

ఇక దాచి లాభం లేదని ఆవిడ పళ్ళెం కింద పెట్టింది. "పెళ్ళికి ముందు మీరు నాకో ఉత్తరం రాశారు. అందులో నా గురించి ఒక్క ముక్క లేదు. 'ఇంట్లో వేరేది లేక నా పడవ స్టాంపు అంటించాను, జాగ్రత్తగా ఊడదీసి ఉంచు' అని రాశారు. నన్ను పెళ్ళికూతుర్ని చేస్తున్న పూట వచ్చిందది. మీ ఉత్తరమనగానే ఆగలేక పసుపు చేత్తోనే ఊడదీశాను. మరకైంది. తిడతారని, పోయిందని చెప్పి దాచేశాను."

అలా అని బొటనవేలు ఆ పచ్చ మీద ఆనించింది. అచ్చంగా సరిపోయింది.

పేర్రాజు గారికి సిగ్గేసింది. ముప్పై అయిదేళ్ళ కింద రాసిన ఆ ఉత్తరం గుర్తొచ్చింది.

మర్నాడు భార్యని కూడా వెంటబెట్టుకుని పోటీకి వెళ్ళాడు. అచ్చుతప్పని రాస్తే బహుమతి వచ్చేదేమో. ఆయన మాత్రం స్టాంపు కింద చీటీ మీద ఇలా రాశాడు: "పచ్చ రంగు నా భార్య భ్రమరాంబ వేలిది. ఎర్ర మచ్చ నా వేలిది. ఇటువంటిది ఇంకెవరి దగ్గరా లేదు."

బహుమతి రాలేదు. ఉత్త చేతులతో మాత్రం తిరిగి రాలేదులే, ఆవిడ కొనిపించిన ఆవకాయ జాడీ మోసుకుంటూ వచ్చాడు.

ఆ తర్వాత వారం తిరక్కుండా భ్రమరాంబ పేర ఉత్తరం వచ్చింది. ఆ ఇంటి నుంచి ఆ ఇంటికే. ఈసారి అందులో స్టాంపు గురించి ఒక్క ముక్క లేదు. ఏం రాశాడంటావా? ఆవిడ ఎవరికీ చూపించలేదమ్మా.

పడవేమో రేవుకి,
కథేమో కంచికి,
ఉత్తరం పెట్టెకి,
నిద్దర నీ కంటికి.